రెండో ఎక్కం

జీడిపిక్కలు కాల్చే డ్రమ్ము ముందు నిలబడ్డవాడికి చలేస్తుందంటే ఎవరైనా నవ్వుతారు. దండాసికి వేసింది. కింద పొయ్యి మండుతోంది. డ్రమ్ములో పిక్కలు చిటపటమని నూనె కక్కుతున్నాయి. ఒంటిమీది చెమట పుట్టినచోటే ఆరిపోతోంది. అంత సెగలోనూ ఎడమ మణికట్టు మాత్రం మంచుగడ్డ కట్టినట్టు జివ్వుమంది.

పార వదిలేసి రెండో చేత్తో ఆ చెయ్యి పట్టుకున్నాడు.

గోనెల దగ్గర తూకం వేస్తున్న ఫాల్గుణరావు అది చూడనే చూశాడు.

"ఏటి దండాసీ, నీ గుంట మళ్ళీ మంచుకొండెక్కినాదా?"

దండాసి వంగి పార అందుకున్నాడు.

"మావోణ్ణి సూడు. పొద్దుట్నించీ సెయ్యి ఎచ్చగా, పిల్లి పొట్టమీద ఎట్టినట్టున్నాది. ఏటి తిని కన్నానో."

"కన్నది నువ్వు కాదురా, నీ పెళ్ళాం" అంది చాట మోసుకుపోతున్న ఒక ముసలామె. అందరూ నవ్వారు. దండాసి నవ్వలేదు. అతని కూతురు మోహిని ఈ ఫ్యాక్టరీ గోడకి అవతలనున్న బళ్ళో ఐదో తరగతిలో కూర్చుని ఉంది. ఈ క్షణాన టీచరు చెప్పేది దానికి బోధపడటం లేదని మణికట్టు చెబుతోంది. ఆ సంగతి అతనికి తెలుసు, ఫాల్గుణరావుకి తెలుసు, చాట మోసే ముసలామెకీ తెలుసు. ఇంక ఊళ్ళో తెలియనిది ఎవరికి?

మణికట్టుకి కట్టే ఆ పట్టీలు పలాస అవతల జీడివలసకి వానల మొదట్లో వచ్చాయి. విశాఖపట్నం నుంచి డాక్టరు కమలాకర్ గారు తెచ్చారు. మందులిచ్చే డాక్టరు కాదు, పిల్లల మెదళ్ళమీద పరిశోధన చేసే డాక్టరు. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలుండే గది ఖాళీ చేయించి, గోడనిండా తెర బిగించి, దానికి కొలతగది అని పేరు పెట్టాడు. ఐదో తరగతి పిల్లల చెవి వెనక తిలకం బిళ్ళంత బిళ్ళ ఒకటి జిగురుతో అతికించాడు. ఇంట్లో ఒకరి చేతికి పట్టీ కట్టాడు. చెప్పింది పిల్లకి అర్థమైతే పట్టీ వెచ్చబడుతుంది, కాకపోతే చల్లబడుతుంది. బడి గంట మోగింది మొదలు మళ్ళీ ఇంటిగంట కొట్టేదాకా అదే పని.

ఆ రోజు బడి వరండాలో నిలబడి ఆయన తన కథ చెప్పాడు.

"మా అమ్మకి చదువు రాదు. నా ప్రోగ్రెస్ కార్డు తలకిందులుగా పట్టుకుని వేలిముద్ర వేసేది. బాగా చదువుతున్నావా నాయనా అని అడిగేది. లెక్కల్లో సున్నా వచ్చిననాడు కూడా, బాగానే చదువుతున్నానమ్మా అనేవాణ్ణి. పాపం నమ్మేది. ఇకమీదట ఏ తల్లీ అలా మోసపోనక్కర్లేదు. కాగితం చదవడం రాకపోయినా ఫరవాలేదు, మీ ఒంటికే తెలుస్తుంది."

జనం చప్పట్లు కొట్టారు. దండాసీ కొట్టాడు. అతను మూడో తరగతితో బడి మానేసినవాడు. మోహిని కార్డు మీది అక్షరాలు అతనికి పంచదార మీది చీమల బారు. సంతకం పెట్టమన్నచోట పెట్టేవాడు, అంతే. చదువు రానివాణ్ణి ఒకడు గుర్తుపెట్టుకుని వాడికోసం యంత్రం చేశాడంటే ఎంత గొప్ప.

అప్పుడే ఒక పరీక్ష చేసి చూపించారు. ఉత్పలవల్లి టీచరు బోర్డుమీద ఒక లెక్క వేసింది. దండాసి మణికట్టు జివ్వున చల్లబడింది. కాసేపు అలాగే ఉంది. మోహిని పెన్సిలు కొరుకుతూ బోర్డుకేసి చూస్తోంది. ఉన్నట్టుండి వెచ్చదనం ఒక్క గెంతు గెంతి మోచేతిదాకా పాకింది. చన్నీళ్ళు పోసుకుని ఎండలోకి వచ్చినట్టుంది. "వచ్చేసినాది, వచ్చేసినాది" అనుకుంటూ కళ్ళు తుడుచుకున్నాడు. పొగ లేనిచోట కళ్ళు తుడుచుకోవడం అతనికి అదే మొదలు.

సంబరమంతా అయ్యాక, అందరూ చెప్పులు వేసుకుంటుంటే, అసలు మాట చెప్పారు. ఏడాది చివర కొలత చూసి పిల్లల్ని రెండుగా విడదీస్తారు. వెచ్చగా ఉన్నవాళ్ళు చదువు విభాగం. చల్లగా ఉన్నవాళ్ళు పని విభాగం. జీడివలసలో పని అంటే జీడి కొట్టడమే. అది ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

మోహినిది అడిగే నోరు. జీడిగింజ పండు లోపల ఉండకుండా బయటెందుకు వేలాడుతోంది, పొగ పైకే ఎందుకు పోతుంది, చేపకి దాహం వేస్తుందా. వాళ్ళమ్మ నీలవేణి పొద్దల్లా జీడి కొట్టి వచ్చి వంటకి కూర్చుంటే పక్కనే చేరి ఇవే ప్రశ్నలు. "ఒలే, నీ నోట్లో ఉప్పుకల్లెయ్య, అన్నం ఉడకనీ" అని విసుక్కునేది నీలవేణి. దండాసి మాత్రం ముసిముసిగా నవ్వుకునేవాడు.

పట్టీ వచ్చాక నవ్వడం మానేశాడు. రోజూ చలి. పొద్దున చలి, మధ్యాహ్నం చలి. ఒక్కనాడూ వెచ్చదనం తగల్లేదు. ఫాల్గుణరావు కొడుకు చూస్తే పగలంతా వెచ్చన. దండాసికి లోపల దిగులు కోపమైంది.

"ఏటే నీకు? టీచరు సెప్తంటే ఎక్కడ సూస్తన్నావు?"

"ఇంటన్నాను నాన్నా."

"ఇంటే సలెందుకేస్తాది?"

"ఇంటేనే వేస్తాది నాన్నా. ఇనకపోతే వెయ్యదు."

అది ఎదురుచెప్పడమనుకున్నాడు దండాసి. ఎన్నడూ చెయ్యి చేసుకోనివాడు ఆ పూట చేసుకున్నాడు. మోహిని ఏడవలేదు. చెంప పట్టుకోవాల్సింది పోయి చెవి వెనక బిళ్ళ పట్టుకుంది.

ఆ తరువాత కొన్నాళ్ళకి చలి ఆగిపోయింది. పొయ్యి ముందు నిలబడితే మణికట్టు ఉన్నట్టే తెలియడం లేదు. చలి లేదంటే అర్థమవుతున్నట్టేగా. దండాసి ఇంటికి జిలేబీ పొట్లం పట్టుకెళ్ళాడు. మోహిని తిని చెయ్యి కడుక్కుని మూల కూర్చుంది. ఏమీ అడగలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. బుద్ధి వచ్చింది అనుకున్నాడు. తన వేలితో తన కన్ను పొడుచుకుని, దోమ పోయిందనుకున్నట్టు.

ఓడలో రావాల్సిన పిక్కలు ఆలస్యమై ఆ నెలలో ఫ్యాక్టరీ మూతపడింది. పొయ్యి ఆర్పేశారు. దండాసి పగటిపూట ఇంట్లో ఉండటం ఎన్నాళ్ళకో. బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే బడిగంట మోగింది, మణికట్టు వెచ్చబడింది.

అతను చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

వెచ్చగా ఉంది. మరి ఇన్నాళ్ళూ? అప్పుడు తట్టింది. పొయ్యి సెగలో మునిగిన చేతికి ఈ పాటి వెచ్చదనం ఎక్కడ తెలుస్తుంది? చలి ఒక్కటే సెగని చీల్చుకుని తగిలేది. పిల్లకి బోధపడ్డ ఘడియలన్నీ ఆ పొయ్యిలోనే కాలిపోయాయి. బోధపడనివి మాత్రమే తనకి చేరాయి. ఫాల్గుణరావు గోనెల దగ్గర నీడలో ఉంటాడు కాబట్టి వాడికి వెచ్చదనం అందింది. పట్టీ కట్టిననాడు ఏం పని చేస్తావని అడిగినవాడు లేడు. పొయ్యి ముందు బతికేవాళ్ళు కూడా పిల్లల్ని కంటారని ఆ చదువుకున్నవాళ్ళకి తోచలేదు. ఆ తప్పుకి దెబ్బ తిన్నది ఎవరు?

గూడు కట్టుకున్న కోపంతో బావి గట్టుమీద కూర్చున్నాడు. కూర్చున్న కొద్దీ ఇంకొకటి వింతగా తోచింది. ఆ వెచ్చదనం కదలడం లేదు. సన్నని మంట మీద పెట్టి మరిచిపోయిన కుండలా ఒకే తీరున ఉంది. దిగదు, లేవదు. ఆనాడు వరండాలో తగిలిన గెంతు ఏదీ? ముందు చలి వేసి కదా ఆ వెచ్చదనం వచ్చింది. చలి లేకుండా వెచ్చదనమెలా వస్తోంది?

దండాసి చొక్కా వేసుకుని బడికి నడిచాడు.

కిటికీలోంచి చూశాడు. ఉత్పలవల్లి టీచరు బోర్డుమీద ఏదో రాసి చెబుతోంది. పిల్లలు వరసలుగా, నిటారుగా కూర్చున్నారు. అల్లరి లేదు, గుసగుస లేదు. అందరి కళ్ళూ బోర్డుమీదే. అందరి పెదాలూ సన్నగా కదులుతున్నాయి. గుళ్ళో అర్చన చేయించుకునేవాళ్ళలా, అందరివీ ఒకే తాళంలో. టీచరు మాటకీ ఆ పెదాలకీ ఏ సంబంధమూ లేదు.

టీచరు కిటికీలో అతన్ని చూసి బయటికి వచ్చింది. ఆవిడ ముఖం పీక్కుపోయి ఉంది.

"చూశారా?" అంది నెమ్మదిగా.

"ఏటి సేస్తన్నారమ్మా గుంటలు?"

"మీ అమ్మాయినే అడగండి. నేను చెప్పకూడదు. కొత్త పాఠం చెప్పిన రోజు క్లాసు చల్లబడిందని నాకు తాఖీదు వచ్చింది. అందుకని పాతవే చెబుతున్నాను. పాతవి కూడా వినడం లేదు." కొలతగది వైపు ఒకసారి చూసి, "ఒక్క పిల్లయినా నన్ను ప్రశ్న అడిగి ఎన్నాళ్ళయిందో" అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం మోహిని వచ్చింది. దండాసి దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"బళ్ళో లోపల్లోపల ఏటి సదువుతన్నావు తల్లీ?"

అది తలొంచుకుంది. "కొడతావా?"

"కొట్టను."

"రెండో ఎక్కం."

"అదెందుకే? నీకెప్పుడో వచ్చు గదా."

"వచ్చింది సదివితే ఎచ్చగా ఉంటాది. టీచరు సెప్పింది ఇంటే ముందర సలేస్తాది. నీకు కోపం వస్తాది. అందుకని ఇనకండా రెండొకట్ల రెండు, రెండు రెళ్ళ నాలుగు అనుకుంటాను. అయిపోతే మళ్ళీ మొదట్నించీ. ఫాల్గుణరావు మావ కొడుకే నేర్పినాడు. వాడు మొదట్నించీ అంతే. ఇప్పుడు అందరం అంతే."

ఏ కోడిపెట్టయినా పొదిగే గుడ్డుని గడియకోసారి పగలగొట్టి చూసుకుంటుందా? ఈ చదువుకున్నవాళ్ళు చూసుకున్నారు. తనూ వాళ్ళతో కలిసి చూసుకున్నాడు.

దండాసి దాని తల నిమిరాడు. కాసేపటికి, "చేపకి దాహమేస్తాదేటే?" అని అడిగాడు. దానికి ఇష్టమైన ప్రశ్న అడిగి నవ్విద్దామని.

మోహిని గభాల్న రెండు చేతులతో చెవి వెనక మూసుకుంది. "వొద్దు నాన్నా, అడక్కు. సల్లబడతాది."

"ఇప్పుడు బడి లేదు గదమ్మా."

"అయినా వొద్దు."

దాని పెదాలు కదలడం మొదలయ్యాయి.

మర్నాడు దండాసి కొలతగదికి వెళ్ళాడు. లోపల చల్లగా, కొత్త రంగు వాసనగా ఉంది. గోడమీది తెరలో పిల్లకొక చుక్క. అన్నీ దానిమ్మగింజల్లా ఎర్రగా ఉన్నాయి. కమలాకర్ గారు అతన్ని చూసి కుర్చీ చూపించాడు.

"రండి దండాసి గారూ. మొదట్లో క్లాసు మొత్తానికీ ఎక్కువ నీలం మీ అమ్మాయిదే. ఇప్పుడు చూడండి, నిలకడగా ఎరుపు."

దండాసి కూర్చోలేదు. "అది రెండో ఎక్కం బావూ."

"ఏమిటి?"

"లోపల రెండో ఎక్కం సదువుకుంటన్నారు. గుంటలందరూ. టీచరమ్మ సెప్పేది ఒక్కరూ ఇనటం లేదు. కొత్తది ఇంటే సలి. సలి అయితే ఇంటికాడ తన్నులు."

ఆయన లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. మళ్ళీ వచ్చి కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆశ్చర్యపోతాడనుకున్నాడు దండాసి. ఆయన ఆశ్చర్యపోలేదు.

"మాకు తెలుసు" అన్నాడు.

"తెలుసా."

"దసరాకి ముందే అనుమానం వచ్చింది. నేర్చుకునే మెదడు గీత ఇలా చదునుగా ఉండదు. కిందికి దిగి, పైకి లేస్తుంది. కానీ ఇప్పుడు ఆ మాట బయటపెడితే మొత్తం ఆపేస్తారు. ఎన్నో ఏళ్ళ కష్టం. త్వరలో పైవాళ్ళు చూడటానికి వస్తున్నారు. వాళ్ళకి ఈ ఎరుపు చూపించి అనుమతి తెచ్చుకుంటే, రెండో దశలో సరిచేసుకోవచ్చు."

"అందాకా?"

"అందాకా కాస్త ఓపిక పట్టాలి."

దండాసి మితభాషి. పొయ్యి ముందు పనిచేసేవాడికి నోరు తెరిస్తే పొగ పోతుంది, అందుకని మూసుకుని ఉండటం అలవాటు. ఆ రోజు మాత్రం మాట్లాడాడు.

"మీయమ్మకి సున్నా సంగతి సెప్పలేదన్నారు. ఆ సున్నా తరవాత ఏటి సేసేరు బావూ? ఎవలూ సూడకండా ఒక మూల కూకుని, తప్పులు సేసుకుని, దిద్దుకుని నేర్సుకున్నారా లేదా? ఆ సాటున మీయమ్మ సేతికి సలి ఎట్టి ఉంటే మీరూ ఇయాల రెండో ఎక్కం కాడే ఉండీవోరు. మీరు తెలీనోడిగా ఉండడానికి మీకో సాటు దొరికినాది. డాక్టరయ్యేరు. నా గుంటకి ఆ సాటు లేకండా సేసేరు. ఎరగక సేస్తే పాపమనుకుందును. ఎరిగుండీ ఎరుపు సూసుకుంటన్నారు."

కమలాకర్ గారు తుడిచిన కళ్ళజోడే మళ్ళీ తుడిచాడు. ఆయన ముఖంలో ఏదో కదిలి మళ్ళీ సర్దుకుంది.

"బిళ్ళ తీయించుకునే హక్కు మీకుంది" అన్నాడు చివరికి. "కానీ కొలత లేని పిల్లని చదువు విభాగంలో వేసుకోరు. నిబంధన అది. ఆలోచించుకోండి."

ఇంట్లో నీలవేణి ఒప్పుకోలేదు. అన్నం కంచం ముందు పెట్టుకుని రెండు చేతులూ చాచింది. జీడిపిక్కల రసం తినేసిన వేళ్ళు. నల్లగా, తొక్కలు లేచి, కొసలు నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

"సూడు. రేషను మిషనుకి నా ఏలు కనబడదు. ఆ కుర్రాడు 'నువ్వు నువ్వేనా' అంటాడు. దాని ఏళ్ళు కూడా ఇలగే అవ్వాలేటి? బిళ్ళ ఉంటే సదువులోకి ఎల్తాది. ఉండనీ."

"ఎల్లి ఏటి సేస్తాది? అక్కడ కూడా రెండో ఎక్కమేనా?"

"పెద్దయితే మానేస్తాది."

"నువ్వే అడిగి సూడు."

నీలవేణి విసురుగా చెయ్యి కడుక్కుంది. "ఒలే మోహినీ, ఇలారా. పొగ పైకే ఎందుకెల్తాదే? నా పేణాలు తీసీదానివి గదా రోజూ. సెప్పు."

మోహిని తల్లికేసి చూసింది. నవ్వలేదు. విసుక్కోలేదు. చెవి వెనక మూసుకుని, గోడకేసి తిరిగి, పెదాలు కదిలించడం మొదలుపెట్టింది. నీలవేణి దాని చెయ్యి లాగింది. రాలేదు. గట్టిగా లాగింది. పిల్ల చెవి వెనక చర్మం గీరుకుపోయి, బిళ్ళ చుట్టూ ఎర్రగా పుండు కట్టి ఉంది.

తల్లి ఎంతసేపు అలా చూసిందో. తరువాత లేచి, జీడి కొట్టబోయేముందు వేళ్ళకి రాసుకునే ఆముదం గిన్నె తెచ్చింది. పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని, ఆ నున్నటి వేళ్ళతో బిళ్ళ అంచుల చుట్టూ కొంచెం కొంచెంగా రుద్దింది. జిగురు నానింది. బిళ్ళ జారి చాపమీద పడింది. దండాసి తన పట్టీ విప్పి దాని పక్కన పడేశాడు.

"నాన్నా, ఇప్పుడు నాకు వచ్చిందో రాలేదో నీకు తెలీదు గదా" అంది మోహిని, తల ఎత్తకుండానే.

"తెలీదు."

"నిజంగా?"

"ఒట్టు."

అప్పుడు ఏడ్చింది. ఆనాడు కొట్టినప్పుడు ఏడవాల్సినదంతా.

మోహినిని వెనక బెంచీలో కూర్చోబెట్టారు. తెరమీద దాని చుక్క ఉన్నచోట ఖాళీ. ఊళ్ళోవాళ్ళు దాన్ని కొలత లేని గుంట అన్నారు. ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచారు, ఫాల్గుణరావు నోరూ తెరిచాడు.

"ఏటి దండాసీ, ఎచ్చా లేదు, సలీ లేదు. సెయ్యి సచ్చిపోనాదా?"

"నీ కొడుకు లోపల రెండో ఎక్కం సదువుతన్నాడురా."

"సదివితే సదివినాడు. సదువు విభాగం వస్తాది. నీ కడుపుమంట మాకెందుకు?"

పక్కనున్నవాళ్ళు ఫాల్గుణరావు మాటే సరి అన్నారు. వాళ్ళకి తెలియక కాదు. తెలిసే. ఎరుపు కావాలి వాళ్ళకి, పిల్లలు ఏమైనా సరే. దండాసికి అందరికన్నా వాళ్ళమీదే ఎక్కువ మండింది. ఆ మంటలో తననూ కలుపుకున్నాడు.

ఇంట్లో మటుకు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. సాయంత్రం మోహిని రాగానే ఒకటే అడిగేవాడు. "ఇయాల ఏటి అర్థం కాలేదు?"

"అంతా అర్థమైంది నాన్నా" అనేది అది, మర్యాదగా, కళ్ళు దించుకుని. రోజూ అదే జవాబు. బిళ్ళ పోయింది గాని భయం పోలేదు. నూనె రాస్తే ఊడేది కాదది. దండాసి మళ్ళీ మర్నాడు అడిగేవాడు. అది మళ్ళీ అదే చెప్పేది. నీలవేణి పొయ్యిలోకి కట్టెలు తోస్తూ ఇద్దరినీ చూసేది.

చలికాలం నడిమిన ఒక సాయంత్రం మోహిని సంచీ దించి, గుమ్మంలోనే నిలబడింది. వేలితో తలుపు చెక్క గీరుతోంది.

"నాన్నా, ఒకటున్నాది."

దండాసి దానివైపు తిరిగాడు. "ఏటి?"

"గుణిస్తే పెరగాల గదా?"

"పెరగాల."

"టీచరు పాత లెక్కే మళ్ళీ ఏసి, సగాన్ని సగంతో గుణించినాది. పావు వచ్చినాది. తగ్గిపోనాది నాన్నా. గుణిస్తే తగ్గుతాదేటి? ఎలగా?"

దండాసి ఆలోచించాడు. నిజమే, ఎలా తగ్గుతుంది? "నాకు తెలీదమ్మా" అన్నాడు. నీలవేణిని అడిగారు. ఆమె కత్తిపీట ముందునుంచి తలెత్తి, "రెండు సేతులతో సంపాయిస్తే ఇంటికి తక్కువే వస్తన్నాది, అలగేనేమో" అంది. ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులైంది. మోహిని నవ్వు ఆపి మళ్ళీ, "కాదమ్మా, నిజంగా, ఎలగా?" అంది.

"టీచర్ని అడగలేదేటే?"

"ఎనక బెంచీ గదా. అడగకూడదు."

మర్నాడు దండాసి పనికి పోలేదు. మోహిని చెయ్యి పట్టుకుని బడికి వెళ్ళాడు. ఆ రోజే పైవాళ్ళు వచ్చారు. కొలతగది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఇస్త్రీ బట్టల పెద్దమనుషులు ఎర్రటి తెరకేసి చూసి తలలూపుతున్నారు. కమలాకర్ గారు కర్రతో చూపించి చెబుతున్నాడు.

దండాసి తరగతి గుమ్మంలో నిలబడ్డాడు. పొగ పట్టిన చొక్కా, జీడిమరకల చేతులు. లోపల పిల్లలంతా నిటారుగా కూర్చుని పెదాలు కదుపుతున్నారు.

"అమ్మా," అన్నాడు, "మాకొకటి అర్థం కాలేదు. నాకూ, మా గుంటకీ, మా ఇంటిదానికీ. సగాన్ని సగంతో గుణిస్తే పెరగాల గదా. తగ్గుతాదెందుకు?"

ఉత్పలవల్లి టీచరు చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఆవిడ కొలతగది వైపు చూసింది. తరువాత వెనక బెంచీలోకి చేరుతున్న మోహినిని చూసింది. సుద్దముక్క బల్లమీద పెట్టేసింది.

"నేను చెప్పను" అంది. "ఎక్కం ఆపండి అందరూ. ఆపండర్రా, నాకు తెలుసు మీరేం చదువుతున్నారో. ఈ నాన్న అడిగింది విన్నారుగా. ఎందుకు తగ్గుతుంది? ఆలోచించండి."

ముందు ఎవరూ కదల్లేదు. తరువాత కిటికీ పక్క పిల్ల పెదాలు ఆగిపోయాయి. దాని పక్కవాడివి ఆగిపోయాయి. ఒకడు కనుబొమలు ముడిచి గాలిలో వేలితో ఏదో సగం చేశాడు. ఫాల్గుణరావు కొడుకు అరచేతిని అడ్డంగా, నిలువుగా చూసుకుంటున్నాడు. వరసకి వరస నిశ్శబ్దమైంది. అది భయం నిశ్శబ్దం కాదు.

పక్కగదిలో తెర అంచునుంచి రంగు మారింది. ఒక చుక్క నీలం. మూడు. పది. వాన మబ్బు కమ్మినట్టు గోడంతా నీలమైపోయింది. గోడ అవతల ఫ్యాక్టరీ ఆవరణలో ఫాల్గుణరావు గోనె వదిలేసి మణికట్టు పట్టుకుని గెంతాడు. అతని వెనక ఇంకొకడు, ఆ వెనక ఇంకొకడు. తూకాలు ఆగిపోయాయి. ఊళ్ళో పట్టీ కట్టుకున్న ప్రతి చేతికీ ఒక్కసారే చలేసింది. జనం చేతులు పట్టుకుని బడివైపు పరిగెత్తుకొస్తున్నారు.

కమలాకర్ గారు కర్ర చేతిలో అలాగే పట్టుకుని పరుగున వచ్చాడు.

"ఏం చేశారండీ మీరు? వాళ్ళు చూస్తున్నారు. క్లాసంతా నీలమైపోయింది."

దండాసి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆయన్ని లోపలికి పోనివ్వలేదు.

"గట్టిగా మాటాడకండి బావూ," అన్నాడు. "గుంటలు ఆలోసిస్తన్నారు."